ఒక్కరి ఫైల్ కోసం సర్వర్ మొత్తం ఆపొద్దు: సాంబాను కమాండ్ లైన్ నుంచి నడిపే పద్ధతి

ఫైల్ సర్వర్ దగ్గర ఏ తేడా వచ్చినా అందరికీ ముందు గుర్తొచ్చేది రీస్టార్ట్. ఎక్సెల్ షీటు తెరుచుకోకపోతే రీస్టార్ట్, కొత్త ఫోల్డర్ కనపడకపోతే రీస్టార్ట్, స్కాన్ చేసిన కాగితం చేరకపోతే రీస్టార్ట్. నేను గుంటూరులో చూసుకునే ఆఫీసులు ఎక్కువగా ఆడిటర్లవి. జీఎస్టీఆర్-1కి నెలలో 11వ తేదీ, 3బీకి 20వ తేదీ గడువు. ఆ తేదీల ముందు సాయంత్రాలు అక్కడ ఎవరూ కుర్చీలోంచి లేవరు. టాలీ డేటా, క్లయింట్ల షీట్లు, స్కాన్ చేసిన బిల్లులు అన్నీ ఒకే లైనక్స్ సర్వర్ మీద, సాంబా షేర్లలో (లైనక్స్ సర్వర్‌లోని ఫోల్డర్లను విండోస్ పీసీలకు పంచే సాఫ్ట్‌వేర్ సాంబా, అది పంచే ఫోల్డర్ షేర్) ఉంటాయి. ఆ గంటలో రీస్టార్ట్ కొడితే ఒకరి బాధ తీరుతుందేమో గానీ, మిగతా అందరూ తెరిచి పెట్టుకున్న ఫైళ్లు ఒక్క దెబ్బకు తెగిపోతాయి.

అసలు ఆ అవసరమే అరుదు. సాంబాలో ఒక్క మనిషినో, ఒక్క షేర్‌నో, ఒక్క సెట్టింగ్‌నో విడిగా పట్టుకునే కమాండ్లు ఉన్నాయి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు ఇవి ఎక్కువగా ఫోన్‌లోనే చెబుతుంటాను కాబట్టి ఇక్కడా పలికినట్టే రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతా. ఎస్‌ఎంబీతో మొదలయ్యే కమాండ్ పేరేదైనా మధ్యలో ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి. ముందు సుడో మరవొద్దు, కమాండ్‌ను రూట్ (సర్వర్ యజమాని) హక్కుతో నడిపేది అదే. రూట్ హక్కు లేకుండా అడిగితే వీటిలో కొన్ని సగం సమాధానమే ఇస్తాయి, కొన్ని అసలు మాట్లాడవు.

లోపల ఎవరెవరు పని చేస్తున్నారు

సాంబా అంటే ఒక్క ప్రోగ్రాం కాదు. ఫైళ్లూ ప్రింటర్లూ పంచేది ఎస్‌ఎంబీడీ. ఇది టీసీపీ 445 పోర్టు మీద, పాత పద్ధతి కోసం 139 మీద కాచుకుని ఉంటుంది. పాత నెట్‌బయాస్ పేర్ల సంగతి ఎన్‌ఎంబీడీది. యూడీపీ 137, 138 దాని పోర్టులు. విండోస్ డొమైన్ యూజర్లను గుర్తుపట్టే పని విన్‌బైండ్‌డీది. చిన్న ఆఫీసులో మనకు దాదాపు ఎప్పుడూ మొదటిదానితోనే పని.

సర్వీసు పేర్లలో ఒక మెలిక ఉంది. ఉబుంటు, డెబియన్‌లో సర్వీసు పేరు ఎస్‌ఎంబీడీ. ఫెడోరా, రెడ్‌హ్యాట్, వాటి నుంచి వచ్చిన రాకీ, ఆల్మా లాంటి వాటిలో చివరి డీ ఉండదు, ఉత్త ఎస్‌ఎంబీ. ఎన్‌ఎంబీడీకీ ఇదే తేడా. ఒకచోట నేర్చుకున్న కమాండ్ ఇంకోచోట "అలాంటి సర్వీసే లేదు" అంటే కంగారు పడక్కర్లేదు, ఒక అక్షరం తీసి చూడండి.

ఇక అసలు సంగతి. ఎస్‌ఎంబీడీలో ఒక తల్లి ప్రాసెస్ ఉంటుంది. ఏ పీసీ వచ్చి తలుపు తట్టినా అది ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి, ఆ పీసీ బాధ్యతంతా దానికి అప్పగిస్తుంది. ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల మొదట్లో కాన్‌బెర్రాలో చదువుకుంటూ సాంబా మొదలుపెట్టాడు. ఇప్పటికీ దాని పద్ధతి ఇదే. పీసీకి ఒక ప్రాసెస్, ప్రాసెస్‌కు ఒక పీఐడీ నంబరు. మనం ఆ నంబరు పట్టుకుంటే ఆ ఒక్క పీసీనే పట్టుకున్నట్టు. పక్కవాళ్లకు సంగతి కూడా తెలియదు.

ఎవరు ఏ నంబరులో ఉన్నారో ఇలా చూడాలి:

సుడో ఎస్‌ఎంబీస్టేటస్ -పీ

పీఐడీ, యూజర్ పేరు, పీసీ ఐపీ, ప్రోటోకాల్ వెర్షన్ వరసగా వస్తాయి. పీ బదులు పెద్ద ఎస్ పెడితే ఎవరు ఏ షేర్‌లోకి వచ్చారో, పెద్ద ఎల్ పెడితే ఏ ఫైల్ ఎవరి చేతిలో ఉందో చూపిస్తుంది. ఏ అక్షరమూ పెట్టకపోతే మూడూ కలిపి గుమ్మరిస్తుంది. జనం ఎక్కువున్న ఆఫీసులో అది చదవడం కష్టం.

ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌తో చూస్తే మాత్రం ఇంకో రెండు మూడు ఎస్‌ఎంబీడీలు కనిపిస్తాయి. వాటి పక్కన నోటిఫైడీ, క్లీనప్‌డీ అని ఉంటుంది. అవి ఏ పీసీవీ కావు, సాంబా ఇంటి పని చేసుకునేవి. వాటి జోలికి పోవద్దు. అందుకే నంబరు ఎప్పుడూ ఎస్‌ఎంబీస్టేటస్ నుంచే తీసుకోవాలి.

"ఎవరూ తెరవలేదన్నా, అయినా రీడ్ ఓన్లీ అంటోంది"

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే. షీటు పేరులో ట్రయల్ అనే ముక్క ఉందనుకోండి:

సుడో ఎస్‌ఎంబీస్టేటస్ -ఎల్ | గ్రెప్ -ఐ ట్రయల్

మొదటిది పెద్ద ఎల్, ఐ చిన్నదే. మధ్యలో నిలువు గీత. వచ్చిన వరసలో మొదట పీఐడీ, చివర తెరిచిన సమయం ఉంటాయి. ముందు ఆ సమయం చూడండి. ఇప్పుడు ఉదయం పది అయి, ఫైల్ తెరిచింది నిన్న సాయంత్రం అని ఉంటే సంగతి అర్థమైనట్టే. కరెంటు పోయి పీసీ ఆగిపోయి ఉంటుంది, లేకపోతే ఎవరో ల్యాప్‌టాప్ మూత మూసి ఇంటికి పట్టుకుపోయి ఉంటారు. అలా ఆగిన పీసీ సర్వర్‌కు "వెళ్లొస్తా" అని చెప్పదు కదా. యూపీఎస్ మీదున్న సర్వర్ మాత్రం ఆ ఫైల్‌ను ఇంకా అతని పేరు మీదే కాపాడుతూ ఉంటుంది.

ఆ నంబరు 4182 అనుకుందాం. ఆ ప్రాసెస్ ఏ పీసీదో -పీ తో సరిచూసుకుని, ఆ మనిషి సీట్లో ఉన్నాడేమో కనుక్కోండి. ఉంటే ఫైల్ మూయమంటే సరిపోతుంది, మనం చెయ్యి పెట్టక్కర్లేదు. లేకపోతే:

సుడో కిల్ 4182

అంతే. ఉత్త కిల్ అంటే మర్యాదగా ముగించమని చెప్పడం. ఆ ప్రాసెస్ ఫైళ్ల మీద వేసుకున్న తన తాళాలన్నీ (లాక్‌లు) తీసేసి వెళ్లిపోతుంది. కిల్ -9 మాత్రం వాడొద్దు. సాంబా ప్రాసెస్‌లన్నీ తాళాల సమాచారాన్ని ఒకే చోట పంచుకుంటాయి. -9 కొడితే సర్దుకునే అవకాశం లేకుండా పోతుంది, ఆ పంచుకున్న సమాచారం గందరగోళంలో మిగలొచ్చు. సాంబా మాన్యువల్ పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది.

ఉత్త కిల్‌కు చావకపోతే అది బతికుందో లేదో ముందు అడగండి:

సుడో ఎస్‌ఎంబీకంట్రోల్ 4182 పింగ్

బాగుంటే పాంగ్ అని జవాబిస్తుంది. జవాబు రాకపోతే పీఎస్‌లో దాని స్థితి చూడండి. అక్కడ పెద్ద డీ అక్షరం ఉంటే అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుపోయింది. ఆ స్థితిలో ఉన్నది -9 కూ చావదు. అప్పుడు సమస్య సాంబాలో లేదు, డీమెస్గ్ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) చూసి హార్డ్ డిస్క్ సంగతి తేల్చుకోవాలి. వెంటనే బ్యాకప్ ఉందో లేదో కూడా.

కిల్ అయ్యాక కూడా ఎక్సెల్ మొండికేస్తే, ఆ ఫోల్డర్‌లో టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే దాచిన ఫైల్ మిగిలి ఉంటుంది. అది ఎక్సెల్ పెట్టుకునే సొంత గుర్తు, సాంబాది కాదు. షీటు ఎవరి చేతిలోనూ లేదని ఎస్‌ఎంబీస్టేటస్‌లో చూసుకుని దాన్ని తీసేయండి.

ఒక జాగ్రత్త. ఆఫీసులో కొందరు రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ ఎక్కి పని చేస్తుంటే, ఆ సర్వర్ మీదున్న యూజర్లందరూ సాంబాకు ఒకే పీసీ, ఒకే పీఐడీ. అక్కడ కిల్ కొడితే అందరూ తెగుతారు. -పీ లో ఒకే నంబరు పక్కన వేరే వేరే పేర్లు కనిపిస్తే ఆగండి.

సెట్టింగ్ మార్చాక

సెట్టింగులన్నీ ఉండేది /ఈటీసీ/సాంబా/ఎస్‌ఎంబీ.కాన్ఫ్ లో. అది మార్చిన ప్రతిసారీ ముందు ఇది కొట్టాలి:

టెస్ట్‌పార్మ్ -ఎస్

దీన్ని నడిపేవాళ్లు ఉన్నారు గానీ చదివేవాళ్లు తక్కువ. కింద "సర్వీసెస్ ఫైల్ ఓకే" అన్న మాట కనపడగానే మూసేస్తారు. దాని పైనున్న వరసలే అసలు చదవాల్సినవి. ఒక షేర్‌కు ఎవరెవరు రావచ్చో చెప్పే వరస వ్యాలిడ్ యూజర్స్. అందులో చివరి ఎస్ మర్చిపోయి వ్యాలిడ్ యూజర్ అని రాశారనుకోండి. టెస్ట్‌పార్మ్ "తెలియని పారామీటర్" అని ఒక వరసలో గొణిగి, కింద మాత్రం ఓకే అనే అంటుంది. సాంబా ఆ వరసను లెక్కలోకి తీసుకోదు. దాంతో జీతాల ఫోల్డర్‌కు ఉండాల్సిన కాపలా లేనట్టే, లాగిన్ ఉన్న ప్రతివాడూ ఆ షేర్‌లోకి రావచ్చు. ఇలాంటిది ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, అందరికీ అన్నీ తెరుచుకుంటున్నాయి కాబట్టి.

టెస్ట్‌పార్మ్ శుభ్రంగా ఉన్నాక:

సుడో ఎస్‌ఎంబీకంట్రోల్ ఆల్ రీలోడ్-కాన్ఫిగ్

ఆల్ అంటే నడుస్తున్న సాంబా ప్రాసెస్‌లన్నిటికీ చాటింపు. ఆల్ చోట ఎస్‌ఎంబీడీ అని రాస్తే కబురు తల్లి ప్రాసెస్‌కు వెళుతుంది, పీఐడీ రాస్తే ఆ ఒక్కదానికే. పాత వ్యాసాల్లో ఎస్‌ఎంబీడీ అంటే అందరికీ వెళుతుందని ఉంటుంది. అది 3.3 వెర్షన్‌కు ముందు మాట. సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ ఎస్‌ఎంబీడీ అన్నా దాదాపు ఇదే పని అవుతుంది. అది తల్లికి హ్యాంగప్ సిగ్నల్ పంపుతుంది. నిజానికి మనం ఏమీ చేయకపోయినా సాంబా కొన్ని నిమిషాలకోసారి తనే ఫైల్ మారిందేమో చూసుకుంటుంది. అందుకే ఎస్‌ఎంబీ.కాన్ఫ్‌ను సగం సగం మారుస్తూ సేవ్ చేయొద్దు. పక్కన కాపీలో మార్చి, దాని మీద టెస్ట్‌పార్మ్ నడిపి, అప్పుడు అసలు చోట పెట్టండి.

రీలోడ్ అయ్యాక కూడా "ఏమీ మారలేదు" అన్న మాట వినిపిస్తుంది. కారణం ఒకటే. అప్పటికే షేర్‌లోపల ఉన్నవాళ్లకు కొత్త నిబంధన వర్తించదు, మళ్లీ వచ్చినప్పుడే వర్తిస్తుంది. వాళ్లను ఆ షేర్ వరకే బయటికి పంపాలంటే:

సుడో ఎస్‌ఎంబీకంట్రోల్ ఎస్‌ఎంబీడీ క్లోజ్-షేర్ జీతాలు

చివర మీ షేర్ పేరు. మిగతా షేర్లలో వాళ్ల పని యథాతథంగా సాగుతుంది. కానీ ఈ షేర్‌లో తెరిచిన ఫైళ్లు మూసుకుపోతాయి, కాబట్టి పెద్ద ఎల్‌తో ఒకసారి చూసి, తెరిచినవాళ్లకు చెప్పి కొట్టండి. విండోస్ మళ్లీ క్లిక్ చేయగానే తనే తిరిగి కలుపుకుంటుంది. అందుకే ఒక షేర్‌ను కాసేపు పూర్తిగా ఆపాలంటే, డేటా వేరే డిస్క్‌కు మార్చేటప్పుడు లాగా, ముందు ఆ షేర్ కింద అవైలబుల్ = నో అని రాసి, రీలోడ్ చేసి, ఆ తర్వాత క్లోజ్-షేర్ కొట్టాలి. ఆఫీసు నడుస్తూనే ఉంటుంది, ఆ ఒక్క తలుపే మూసి ఉంటుంది.

ఉద్యోగం మానేసినవాళ్లు, గ్రూపు మారినవాళ్లు

ఒకరు మానేశారు. ఆడిటర్ గారు ఫోన్ చేసి "అతని యాక్సెస్ తీసేయవయ్యా" అన్నారు. ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ -డీ, పక్కన యూజర్ పేరు కొడితే ఖాతా ఆగుతుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. అతని పీసీ ఇంకా ఆన్‌లో ఉంటే పాత కనెక్షన్ అలాగే నడుస్తుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ అడిగేది లోపలికి వచ్చేటప్పుడే. ఖాతా ఆపాక:

సుడో ఎస్‌ఎంబీస్టేటస్ -యూ అతని_యూజర్_పేరు

అని పీఐడీ కనుక్కుని, ఆ నంబరును కిల్ చేయాలి. ఐపీ తెలిస్తే ఇంకో దారి: ఎస్‌ఎంబీకంట్రోల్ ఎస్‌ఎంబీడీ కిల్-క్లయింట్-ఐపీ, పక్కన ఆ ఐపీ. ఏ వరసలో చేస్తారన్నది ముఖ్యం. ముందు కిల్ చేసి తర్వాత ఖాతా ఆపితే, ఆ రెండిటి మధ్యలో విండోస్ చల్లగా మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఒకే షేర్‌కు వ్యాలిడ్ యూజర్స్‌లో కొందరి పేర్లు తీసేసినప్పుడు క్లోజ్-షేర్ కన్నా మంచిది ఒకటుంది: క్లోజ్-డినైడ్-షేర్. ఇది ఇప్పుడు అనుమతి లేనివాళ్లను మాత్రమే బయటికి పంపుతుంది, అనుమతి ఉన్నవాళ్లను ముట్టదు. రీలోడ్ చేశాక దీన్ని పట్టపగలు కూడా నిశ్చింతగా కొట్టొచ్చు. సాంబాలో నాకు బాగా నచ్చిన కమాండ్ ఇదే. ఎందుకో గానీ దీన్ని వాడేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

గ్రూపుల సంగతి వేరు. కొత్తగా చేరిన అమ్మాయిని లైనక్స్‌లో ఆడిట్ గ్రూపులో చేర్చారు, అయినా ఫోల్డర్ తెరుచుకోదు. రీలోడ్ ఎన్నిసార్లు చేసినా తెరుచుకోదు. ఆ యూజర్ ఏయే గ్రూపుల్లో ఉందన్న లెక్క లాగిన్ అయినప్పుడు ఒకసారి కట్టి పెట్టుకుంటుంది సాంబా. ఆమె తెరిచినవన్నీ మూయమని చెప్పి, ఆమె పీఐడీని కిల్ చేస్తే, తర్వాతి క్లిక్‌కు కొత్త లెక్కతో లోపలికి వస్తుంది. పీసీ రీస్టార్ట్ చేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే ఆలస్యం.

లాగ్ పెంచడం, మళ్లీ తగ్గించడం

ఒక్క పీసీకే పాస్‌వర్డ్ పట్టకపోతే లాగ్ స్థాయిని ఫైల్‌లో మార్చక్కర్లేదు.

సుడో ఎస్‌ఎంబీకంట్రోల్ 4182 డీబగ్ 3

ఆ ఒక్క ప్రాసెస్ లాగ్ మాత్రమే విపులంగా వస్తుంది. లాగిన్ సంగతే కావాలంటే 3 చోట కోట్ గుర్తుల మధ్య 1 ఆథ్:5 అని ఇవ్వొచ్చు. ఇప్పుడు ఎంతలో ఉందో తెలియాలంటే డీబగ్‌లెవెల్ అని అడగండి. పని కాగానే డీబగ్ 1 కొట్టి దించేయండి. 10 దాకా పెంచి మరిచిపోతే సర్వర్ నత్తనడక నడుస్తుంది. లాగ్‌లు /వార్/లాగ్/సాంబా లో ఉంటాయి. పాత పుస్తకాల్లో యూజర్1, యూజర్2 సిగ్నళ్లతో లాగ్ పెంచమని ఉంటుంది, 2.2 వెర్షన్ నుంచే ఆ పద్ధతి పోయింది.

రీస్టార్ట్ నిజంగా కావాల్సినప్పుడు

సాంబా ప్యాకేజీని అప్‌డేట్ చేసినప్పుడు. రీలోడ్ సెట్టింగులనే మళ్లీ చదువుతుంది గానీ, ప్రోగ్రాంను మార్చదు. 2017 మేలో 3.5.0 నుంచి ఉన్న ఒక పెద్ద కన్నం బయటపడింది, రాయగలిగిన షేర్ ఒకటి ఉంటే చాలు దాని గుండా సర్వర్‌నే వశం చేసుకునేంత. అలాంటి ప్యాచ్ వేసి రీలోడ్‌తో సరిపెడితే పాత ప్రోగ్రామే నడుస్తుంటుంది. ఏ నెట్‌వర్క్ కార్డు మీద వినాలి, ఏ పోర్టు, సర్వర్ పాత్ర ఏమిటి లాంటి పునాది సెట్టింగులు మార్చినప్పుడు కూడా రీస్టార్టే మేలు.

ఆ పని సాయంత్రం అందరూ వెళ్లాక పెట్టుకోండి. పెద్ద ఎల్‌తో అడిగితే తాళం వేసిన ఫైళ్లేవీ లేవని రావాలి. తర్వాత:

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎంబీడీ

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్‌ఎంబీడీ

కనెక్షన్లకు సిద్ధంగా ఉన్నానన్న వరస ఇందులో కనిపించాలి. కనిపించకపోతే జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్‌ఎంబీడీ చూడండి. వదిలి ఇంటికి వెళ్లే ముందు సర్వర్ మీదనే ఎస్‌ఎంబీక్లయింట్‌తో, పెద్ద ఎల్ పెట్టి, లోకల్‌హోస్ట్ షేర్ల జాబితా అడిగితే పొద్దున్నే ఫోన్ రాకుండా ఉంటుంది.

ఇంకో మాట. ఎస్‌ఎంబీకంట్రోల్‌లో షట్‌డౌన్ అనే కబురు కూడా ఉంది. పీఐడీకి పంపితే ఆ ప్రాసెస్ పోతుంది, అలవాటులో ఆ చోట ఎస్‌ఎంబీడీ అని కొడితే సర్వరే పోతుంది. ఆ తేడా ఒక్క పదమే కాబట్టి మా కుర్రాళ్లకు నేను ఉత్త కిల్లే నేర్పుతాను.

ఎన్‌ఎంబీడీ, పాత స్కానర్లు

విండోస్ 10 లో 2017 చివరి నుంచి వచ్చిన వెర్షన్లలో ఫైళ్లు పంచుకునే పాత ప్రోటోకాల్ ఎస్‌ఎంబీ1 ముందుగా ఉండదు. ఆ ఏడాది మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ పాత ప్రోటోకాల్ కన్నం గుండానే పాకింది, మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నిటికీ తగిలింది. సాంబా కూడా 2019 నాటి 4.11 నుంచి దాన్ని మూసే ఇస్తోంది. దాంతో నెట్‌వర్క్ జాబితాలో సర్వర్ కనపడటం లేదన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. దానికి ఎన్‌ఎంబీడీని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు, కొత్త విండోస్ వెతికే పద్ధతే మారింది. డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న డీమన్ (వెనక నడిచే ప్రోగ్రాం) వేస్తే సర్వర్ మళ్లీ జాబితాలో కనిపిస్తుంది. పాత పేర్ల అవసరం ఎవరికీ లేకపోతే:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ ఎన్‌ఎంబీడీ

ఎస్‌ఎంబీ.కాన్ఫ్‌లో డిజేబుల్ నెట్‌బయాస్ = యెస్ కూడా రాసుకోండి.

ఎస్‌ఎంబీస్టేటస్ -పీ లో ఎవరి పక్కనైనా ఎస్‌ఎంబీ3 బదులు ఎన్‌టీ1 (ఎస్‌ఎంబీ1 కు సాంబా వాడే పేరు) అని కనిపిస్తే, మీ సర్వర్‌లో ఎవరో ఆ పాత ప్రోటోకాల్‌ను తెరిచి పెట్టారన్నమాట. చాలావరకు అది మూలనున్న జిరాక్స్ మెషీన్ కోసమే, స్కాన్ చేసినవి ఫోల్డర్‌లోకి పంపడానికి. ఆ సెట్టింగ్ సర్వర్ మొత్తానికి ఒకటే, ఒక్క షేర్ వరకు ఇవ్వడం కుదరదు. కాబట్టి మెషీన్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే స్కాన్‌లను మెయిల్‌కు పంపేలా మార్చండి. ఆ తర్వాత సర్వర్ మిన్ ప్రోటోకాల్ వరసను ఎస్‌ఎంబీ2 కు పెంచి, రీస్టార్ట్‌ను సాయంత్రానికి పెట్టుకోండి.